అరగంటలో కాలిపోయే కాగితం

"నా లివర్‌ని చంపుతున్నది మీరే! ఈ గదిలో కూర్చున్న మీరందరూ కలిసి చంపుతున్నారు!"

యొన్‌సుక్ అరుపుకి, బల్ల మీద ఎండు రేగుపళ్ళ పళ్ళెం సర్దుతున్న మామగారి తమ్ముడు దొక్‌సు చెయ్యి అక్కడే ఆగిపోయింది. అత్తగారు "అమ్మో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామగారు మాత్రం కదల్లేదు. ఆయన ఎప్పుడూ కదలడు.

ఛుసొక్ పండుగ పొద్దున, తాక్‌వారి పెద్దింట్లో, పెద్దలకు పెట్టే బల్ల ముందు నిలబడి ఒక కోడలు గొంతెత్తడం ఎన్నడూ జరగలేదు. జరగాల్సింది. ఎప్పుడో జరగాల్సింది.

బల్ల మీద అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కొత్త బియ్యం అన్నం, చేమదుంపల పులుసు, ఉడికించిన ఆక్టోపస్, పైన్ ఆకుల మీద ఆవిరి పట్టిన సొంగ్‌ప్యొన్ బియ్యప్పిండి కుడుములు, తొమ్మిది రకాల అట్లు. ఆ అట్లన్నీ నిన్న పొద్దున్నుంచి పొద్దు వాలేదాకా నేల మీద కూర్చుని యొన్‌సుక్ ఒక్కతే కాల్చింది. నాలుగు నెలల కిందట పొట్ట కోయించుకుని, తన లివర్‌లో సగానికి పైగా మొగుడికి ఇచ్చిన మనిషి. అయిదు కిలోలు మించి బరువు ఎత్తొద్దని డాక్టర్లు చెప్పి పంపిన మనిషి. మరి పులుసు గుండిగ పొయ్యి మీంచి ఎవరు దించారు? ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

కానీ ఆమె కోపం గుండిగ గురించి కాదు. అట్ల గురించీ కాదు.

బల్ల వెనకాల వరసగా నిలబెట్టిన నాలుగు తెల్ల కాగితాల గురించి.

నాలుగు తరాల పెద్దల పేర్లు. బ్రష్షుతో, నల్ల సిరాతో, నిలువుగా, పాత చైనా అక్షరాల్లో. పెద్దలు దిగివచ్చి కూర్చునేది ఆ కాగితాల మీదే. మామగారికి చూపు మందగించాక రెండేళ్ళుగా ఆ రాత పెద్దకొడుకు మీద పడింది. రాసినవాడు ఆమె భర్త సాంగ్‌బొమ్.

"ఏం రాశాడ్రా! అచ్చం మా నాయన చేతిరాతే. అన్నయ్యా, దగ్గర పెట్టుకుని చూడు, మన నాయనే మళ్ళీ పుట్టాడు," అని రెండు నిమిషాల కిందటే దొక్‌సు పొంగిపోయాడు.

అప్పుడే చివరి పళ్ళెంతో లోపలికొస్తున్న యొన్‌సుక్ ఆ మాటకి తలెత్తి కాగితాల వైపు చూసింది. చూసి కొయ్యబారిపోయింది.

గీతలు నిటారుగా ఉన్నాయి. ఎక్కడా ఒక్క వణుకు లేదు.

నాలుగు నెలలుగా ఆ చేతులు వణుకుతున్నాయి. చాప్‌స్టిక్స్‌తో ఒక్క సోయా గింజ నోటిదాకా చేరేది కాదు. చొక్కా గుండీలు ఆమే పెట్టేది. డాక్టరు ముందే చెప్పాడు: ఇది మందు చేసే పని. కొత్త లివర్‌ని పరాయిదనుకుని ఒళ్ళు దానిమీద పడి తినేయకుండా ఆపే మందు. పొద్దున తొమ్మిదికి రెండు, రాత్రి తొమ్మిదికి రెండు. చేతులు కొన్నాళ్ళు వణుకుతాయి, ఓర్చుకోండి, మందు మాత్రం ఒక్క పూట తప్పొద్దు.

మరి ఈ అక్షరాలు ఎలా వచ్చాయి?

పళ్ళెం కింద పెట్టి ఆమె తిన్నగా మొగుడి ముందుకు వెళ్ళింది. పండుగ బట్టలు వేసుకుని, తల మీద గుర్రపు వెంట్రుకల టోపీ పెట్టుకుని, బల్ల ముందు చాప మీద మోకరిల్లి ఉన్నాడు సాంగ్‌బొమ్.

"చేతులు చాపండి."

"ఇప్పుడేంటి, అందరూ ఉండగా..."

"చాపమన్నానా!"

చాపాడు. రెండు చేతులూ గోడకి కొట్టిన మేకుల్లా నిలబడ్డాయి.

ఆ చేతులు చూశాకే ఆమె నోట్లోంచి ఆ మొదటి కేక వచ్చింది.

"కోడలమ్మా," అన్నాడు దొక్‌సు, తేరుకుని, నవ్వు తెచ్చిపెట్టుకుని, "మొగుడి చేతులు బాగుపడితే సంతోషించాలి గానీ, ఈ గోలేంటి? నువ్వు అట్లు కాల్చిన నూనె పొగ తలకెక్కినట్టుంది."

"చినమామయ్యా, జులైలో తాతగారి తద్దినం నాడు ఈయన రాసిన కాగితం చూసి మీరేమన్నారు?"

"ఏమన్నాను?"

"భూకంపం యంత్రం గీసినట్టుందన్నారు. పెద్దలు దీని మీద కూర్చుంటే కింద పడి నడుములు విరగ్గొట్టుకుంటారన్నారు. అందరూ నవ్వారు. అప్పటికి ఈయన ఆసుపత్రి నుంచి వచ్చి నెలన్నర. ముక్కుకి మాస్కు, ముంజేతికి ఇంకా సూది గుచ్చిన మచ్చలు."

"అరే, సరదాకి అన్నమాట..."

"మీ సరదాకి మా బతుకులు పోతున్నాయి."

అత్తగారు లేచొచ్చి కోడలి మోచెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, పద, వంటింట్లోకి పద. పెద్దల ముందు ఈ మాటలేంటి? అన్నం చల్లారిపోతోంది."

"పెద్దలు వింటే మంచిదే అత్తమ్మా. వాళ్ళ మునిమనవడి ప్రాణమేగా పోతున్నది." చెయ్యి విడిపించుకుంది. "ఏవండీ, లేవండి. లోపలికి రండి."

సాంగ్‌బొమ్ తండ్రి వైపు చూశాడు. లోపలికి పోవడానికి కూడా నలభై తొమ్మిదేళ్ళ మగాడికి తండ్రి అనుమతి కావాలి. మామగారు తల పంకించలేదు, వద్దనలేదు. సాంగ్‌బొమ్ లేచాడు.

వెనక గదిలోకి వెళ్ళగానే ఆమె తలుపు మూసింది.

"ఎన్ని రోజులైంది?"

"ఏది?"

"నాతో ఆటలాడకండి. మందు మానేసి ఎన్ని రోజులైంది?"

"మానెయ్యలేదు. ఎవరన్నారు మానేశానని? వేసుకుంటూనే ఉన్నాను."

"ఎన్ని?"

అతను టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "రెండింట్లో ఒకటి."

"రెండో దాన్ని?"

అతను టోపీ దారం వేలికి చుట్టుకున్నాడు.

"ఆదివారం ఆదివారం మందుల డబ్బా నింపేది నేను. నీళ్ళ గ్లాసు చేతికిచ్చేది నేను. నోట్లో వేసుకునేదాకా ఎదురుగా నిలబడి చూసేది నేను. మరి రెండోది ఎక్కడికి పోయింది?"

"చెంపలో పెట్టుకునేవాణ్ణి."

"చెంపలో."

"నువ్వు అటు తిరగ్గానే తీసేసేవాణ్ణి."

యొన్‌సుక్‌కి నవ్వొచ్చింది. ఏడుపుకన్నా అన్యాయమైన నవ్వు. ట్రాక్టర్ల కంపెనీలో నలభైమందిని నడిపించిన మనిషి, పిల్లలు చేదుమందు దాచుకున్నట్టు చెంపలో మాత్ర దాచుకున్నాడు. ఆమె లివర్‌ని కాపాడే మాత్ర.

"తీసి ఏం చేశారు? పారేశారా?"

"పారేయడానికి మనసొప్పలేదు." అతను వెళ్ళి సిరా సామాన్ల పెట్టె తెరిచాడు. సిరారాయి కింద మడత పెట్టిన కాగితపు రుమాలు. విప్పితే అందులో పదహారు క్యాప్సూళ్ళు. ఎంగిలికి తడిసి, ఎండి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. "పండుగ అయిపోయాక అన్నీ కలిపి వేసుకుందామనుకున్నా."

"అన్నీ కలిపి!"

"మొత్తానికి లోపలికి పోయేది అంతేగా."

"దేవుడా!" ఆమె గోడకి చేరగిలబడింది. పొట్ట మీద కుట్లు వేసిన చోట లోపల ఏదో లాగింది. నిన్నటి గుండిగ గుర్తొచ్చింది. "ఎనిమిది రోజులు. ఎనిమిది రోజులు అరమందు మీద బతికారు. ఎందుకు? ఒక్క మాట చెప్పండి, నాకు తెలియక అడుగుతున్నా. ఎందుకు?"

"నీకు తెలుసు."

"తెలీదు. మీ నోటితో వినాలి."

సాంగ్‌బొమ్ సిరారాయిని మళ్ళీ దాని చోట పెట్టాడు. బయట హాల్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. చెంచాలు సర్దుతున్న చప్పుడు.

"జులైలో ఆ తద్దినం అయ్యాక నాన్న నాతో మాట్లాడలేదు," అన్నాడు చివరికి. "మూడు వారాలు. ఫోన్ చేస్తే అమ్మకిచ్చేసేవాడు. నీకేం తెలుసు? ఈ ఏడాదంతా నేను రోగిని. ఆఫీసులో రోగిని, ఇంట్లో రోగిని, నీకు రోగిని. ఏం తిన్నావు, మూత్రం ఏ రంగులో ఉంది, చేతులు కడుక్కున్నావా. ఒక్క రోజు కొడుకుగా ఉందామనుకున్నా. ఒక్క రోజు. నాలుగో రోజున వణుకు ఆగింది. నీ ముందు మాత్రం వణుకుతున్నట్టే నటించాను. బ్రష్ పట్టుకుంటే చెయ్యి నా మాట వింది యొన్‌సుక్. ఆ రోజు నాకు ఎంత..." ఆగిపోయాడు.

"ఎంత సంతోషమేసిందో. చెప్పండి. ఆపేశారేం?"

"నీకు అర్థం కాదులే."

"నాకా?" ఆమె జాకెట్టు పక్కకి లాగింది. పక్కటెముకల కింద నుంచి పొట్ట మధ్యకి, అక్కణ్ణుంచి కిందకి వంపు తిరిగి, ఇంకా ఎర్రగా ఉన్న గీత. "ఇది చూడండి. బ్రష్‌తో రాసింది కాదిది. దీన్ని చూసి మెచ్చుకున్నవాడు ఈ ఇంట్లో లేడు. మీ అమ్మ 'కొడుకు బతికాడు' అని కళ్ళు తుడుచుకుని నా చేతికి గరిటె ఇచ్చింది. మీరు ఒక్క రోజు కొడుకుగా ఉండటానికి నేను కోయించుకున్న ముక్కని ఎనిమిది రోజులు ఆకలికి మాడ్చారు. పైగా ఆ కాగితాన్ని ఏం చేస్తారు? కార్యం అయ్యాక?"

"తెలుసుగా."

"చెప్పండి."

"కాల్చేస్తాం."

"అరగంటలో కాలిపోయే కాగితం!" అంది ఆమె. ఇంకేమీ అనలేకపోయింది.

అతను నుదురు తుడుచుకున్నాడు. అప్పుడు గమనించిందామె. సెప్టెంబరు చివర, ఈ కొండల్లో, పొద్దున ఎనిమిదిన్నరకి చెమటెందుకు? ఇందాక చాప మీద కూర్చునేటప్పుడు నడుము కింద దిండు అడిగాడెందుకు?

"జ్వరమా?"

"పట్టుబట్టలు. ఉక్కగా ఉంది."

సంచీలోంచి థర్మామీటర్ తీసి నోట్లో పెట్టింది. "దీన్ని కూడా చెంపలో దాచకండి. నాలుక కింద."

ముప్పై ఎనిమిది మీద మూడు గీతలు.

ఆమె అతన్ని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, కింది రెప్ప లాగి చూసింది. కళ్ళల్లో పచ్చదనం ఉందో లేదో తేల్చుకోలేకపోయింది. పసుప్పచ్చ గోడకాగితం ఉన్న ఆ గదిలో అన్నీ పచ్చగానే కనబడతాయి.

ఆసుపత్రికి ఫోన్ చేసింది. అవయవ మార్పిడి వార్డులో పండుగ పూట డ్యూటీలో ఉన్న నర్సు ఎత్తింది. గొంతు గుర్తే. మేలో ఆపరేషన్ రోజున మొగుడూ పెళ్ళాలిద్దర్నీ పక్కపక్క మంచాల మీద తోసుకెళ్ళిన మనిషి.

"రెండింట్లో ఒకటా? ఎనిమిది రోజులా?" అంది నర్సు. "జ్వరమెంత?"

"ముప్పై ఎనిమిది పాయింట్ మూడు."

"పొద్దున మందు వేసుకున్నారా?"

"ఇంకా లేదు. తొమ్మిది కాలేదు."

"వెయ్యొద్దు. చేత్తో పట్టుకురండి. ముందు రక్తం తియ్యాలి. అక్కా, వినండి, దాచిన మాత్రలు కలిపి మింగించొద్దు. అలాంటి పని చేసినవాళ్ళు ఉన్నారు."

"మా ఆయనా అదే ప్లాను వేశాడు."

"బట్టలు కూడా మార్చొద్దు, బయల్దేరండి. మీరిప్పుడు ఎక్కడ?"

చెప్పింది.

"మామూలు రోజైతే గంటన్నర. ఈ రోజు పండుగ రద్దీలో మూడు గంటలు పట్టొచ్చు. ఎంత త్వరగా వస్తే అంత మంచిది. ఒళ్ళు లివర్ మీద పడటం మొదలుపెట్టి ఉంటే, ఇవాళ ఆపొచ్చు. రేపైతే నేను చెప్పలేను."

ఆమె ఫోన్‌ని స్పీకర్‌లోనే పెట్టింది. ఆ చివరి మాట సాంగ్‌బొమ్ కూడా విన్నాడు. వినాలనే పెట్టింది.

"పదండి," అంది, కారు తాళాలు తీసుకుంటూ.

అతను టోపీ మళ్ళీ తలకి పెట్టుకున్నాడు. దారం గడ్డం కింద ముడేశాడు. చేతులు వణకలేదు.

"అరగంట," అన్నాడు. "అరగంటలో అయిపోతుంది. దండాలు పెట్టేసి వచ్చేస్తా. మూడు గంటల ప్రయాణానికి అరగంట ఏముంది?"

"మీకు చెవులు పనిచేస్తున్నాయా?"

"నాన్న కళ్ళు కనబడక అక్కడ కూర్చుని ఉన్నాడు యొన్‌సుక్. పెద్దకొడుకు లేచిపోతే కార్యం ఎవరు చేస్తారు?"

తలుపు తీసుకుని వెళ్ళి చాప మీద మళ్ళీ మోకరిల్లాడు.

ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలి? కొట్టాలా? ఎత్తుకెళ్ళాలా? ఆమె అయిదు కిలోలు మించి ఎత్తకూడదు.

హాల్లో దొక్‌సు అగరుబత్తి వెలిగిస్తున్నాడు. యొన్‌సుక్ వెళ్ళి నోటితో ఊది ఆర్పేసింది. అత్తగారు కెవ్వుమంది.

"చినమామయ్యా, వాకిట్లో మీ కారు మా కారుకి అడ్డంగా ఉంది. తీయండి."

"నోటితో ఊదావా? పెద్దల బత్తిని నోటితో ఊదావా?"

"ఈయనకి జ్వరం. ముప్పై ఎనిమిది దాటింది. ఆసుపత్రిలో రక్తం తీయడానికి రెడీగా కూర్చున్నారు. ఈ కాగితాలు బాగా రాయడం కోసం మీ అబ్బాయి చేతులు వణికించే మందు సగం మానుకున్నాడు అత్తమ్మా. ఎనిమిది రోజులుగా. మీరు మెచ్చుకున్న రాత అది. కారు తీయండి."

దొక్‌సు నోరు తెరిచి, కాగితాల వైపు చూసి, నోరు మూసుకున్నాడు. ఈసారి సరదా మాట ఏదీ దొరకలేదు. తాళాలు వెతుక్కుంటూ, చెప్పులు ఏవి ఎవరివో చూసుకోకుండా తొడుక్కుని వాకిట్లోకి పోయాడు.

అత్తగారు కొడుకు నుదుటి మీద చెయ్యి వేసింది. చెయ్యి తీసి మొగుడి వైపు చూసింది. "ఏమయ్యా, పిల్లాడి ఒళ్ళు కాలిపోతోందయ్యా."

"ఏం లేదమ్మా," అన్నాడు సాంగ్‌బొమ్. "మొదలుపెడదాం. అన్నం గిన్నెల మూతలు తియ్యి."

ఎవరూ మూతలు తియ్యలేదు. ఎవరూ వద్దనలేదు. అందరి కళ్ళూ మామగారి మీదే.

డెబ్భై తొమ్మిదేళ్ళ తాక్ ఇల్‌మాన్ వెన్ను నిలబెట్టి కూర్చుని ఉన్నాడు. చూపు ఆనని ఆ కళ్ళు తెల్ల కాగితాలు ఉండాల్సిన వైపు చూస్తున్నాయి. ముఖంలో ఏమీ లేదు. యాభై ఏళ్ళుగా ఆ ఇంట్లో అందరూ ఆ ముఖం చదివి బతుకుతున్నారు. మాట రాకముందే మాట ఏమై ఉంటుందో పసిగట్టి, దాని ప్రకారం నడుచుకుని, తర్వాత అది తమ ఇష్టమే అనుకుని.

"అడిగాడు," అన్నాడు ఆయన హఠాత్తుగా.

అందరూ ఉలిక్కిపడ్డారు.

"పది రోజుల కిందట ఫోన్ చేశాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి నాన్నా, ఈసారికి ప్రింటర్‌లో తీయిద్దామా, అని అడిగాడు."

"నాన్నా, అదంతా ఇప్పుడెందుకు?" అన్నాడు సాంగ్‌బొమ్.

"మీరేమన్నారు?" యొన్‌సుక్ అడిగింది.

"ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేశాను."

వాకిట్లో కారు స్టార్ట్ అయింది. వెనక్కి పోయింది. దారి ఖాళీ అయింది.

అత్తగారు చిన్నగా ఏడవడం మొదలుపెట్టింది. సాంగ్‌బొమ్ చాప మీద వంగి, రెండు చేతులూ నేలకి ఆన్చి, అలాగే ఉండిపోయాడు. దండం పెడుతున్నాడో, కూర్చోలేకపోతున్నాడో చెప్పడం కష్టం. చెమట చుక్క ఒకటి చాప మీద పడింది.

యొన్‌సుక్ మామగారి ఎదురుగా వచ్చి కూర్చుంది. బల్లకి వీపు పెట్టి కూర్చుంది. నాలుగు తరాల పెద్దలకి వీపు పెట్టి.

"మామయ్యా, పెళ్ళై ఇరవై రెండేళ్ళయింది. మీకు ఎదురు చెప్పిన రోజు లేదు. ఇప్పుడు చెబుతున్నా, వినండి. మీరు మందు మానమనలేదు. నిజమే. మీరు ఏమీ అనలేదు. అదే మీరు చేసింది. మీరు అనకుండా వదిలేసిన మాటని మీ కొడుకు తనే పూర్తి చేసుకున్నాడు. ఎనిమిది రోజులు చెంపలో దాచుకుని పూర్తి చేసుకున్నాడు."

ఆయన పెదవి కదిలింది. మాట రాలేదు.

"నేను చెబితే లేవడు. నర్సు చెబితే లేవడు. ఒంట్లో ఉన్నది నా లివరైనా, లేవడానికి కావాల్సింది మీ మాట. కాబట్టి నాకు క్షమాపణ వద్దు. గుండిగ ఎవరు దించారో కూడా మీరు ఇప్పుడు అడగనక్కర్లేదు. ఈ కార్యం మీ తమ్ముడితో చేయించుకుంటారో, మానేస్తారో మీ ఇష్టం. పెద్దలు ఈ పూటకి పస్తుంటే ఎవరూ చచ్చిపోరు, వాళ్ళు ముందే పోయారు."

"అమ్మాయ్!" అంది అత్తగారు.

"ఆగండి అత్తమ్మా." యొన్‌సుక్ కళ్ళు మామగారి ముఖం మీంచి కదల్లేదు. "నాతో కాదు, మీ అబ్బాయితో మాట్లాడండి. ఈయన ఇక్కడే, మీ ఎడమచేతి పక్కన ఉన్నాడు. చెయ్యి చాపితే తగులుతాడు. తల ఊపడం కాదు, గొంతు సవరించుకోవడం కాదు. నోరు తెరిచి, అందరికీ వినబడేట్టు, 'లేరా, ఆసుపత్రికి పో' అనండి. ఇప్పుడే అనండి మామయ్యా."